పాస్‌వర్డ్ మార్చాక

తాళం పిల్ల భయమంటే ఇంట్లో అందరికీ నవ్వులాట. పడుకునే ముందు గడియ వేసి, మంచమెక్కి, మళ్ళీ దిగొచ్చి లాగి చూసేది. వీధి చివరిదాకా వెళ్ళాక "అయ్యో, తాళం వేశానా?" అని అందర్నీ వెనక్కి తిప్పేది. ఆ పేరు పెట్టింది బావ. అక్క పెళ్ళైన కొత్తలో ఈవిడ బీరువా తలుపు లాగి చూస్తుంటే, "ఏమే తాళం పిల్లా, నన్ను కూడా లోపల పెట్టి తాళం వేస్తావా ఏంటి?" అన్నాడు. ఇల్లంతా విరగబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది. అంత సరదా మనిషి మరి! ఆ సరదా మనిషే మొన్నామధ్య అక్క మణికట్టు విరిచాడు.

ఇంత భయస్తురాలికి దొరికిన ఉద్యోగం చూడండి! ఆసుపత్రుల వెబ్‌సైట్‌కి లాగిన్ రాయడం. ఎవర్ని లోపలికి రానివ్వాలి, ఎవర్ని గుమ్మంలోనే ఆపాలి అన్నది ఆమె రాసే కోడ్ తేలుస్తుంది. ఆ పనికే పుట్టిందని ఆఫీసులో అనేవాళ్ళు.

అక్క కట్టుబట్టలతో వచ్చేసింది. ఫోన్ కూడా ఆ ఇంట్లోనే వదిలేసింది. ఎక్కడుంటోందో చెల్లెలికి తప్ప ఎవరికీ తెలీదు. చేతికి వ్యాయామాలు చేయించుకునే ఆసుపత్రికి చెల్లెలు రాసిన సైటే ఉంది. "బావకి నీ పాస్‌వర్డ్ తెలుసు కదక్కా" అంటూ మొదటిరోజే దాన్ని మార్పించింది. హమ్మయ్య అనుకున్నారు ఇద్దరూ.

ఇవాళ మధ్యాహ్నం వేరే పనిమీద కోడ్ చూస్తూ చూస్తూ ఒకచోట ఆగిపోయింది. లాగిన్ అయినవాళ్ళకి సర్వర్ ఒక చీటీలాంటిది ఇస్తుంది, దాన్నే సెషన్ అంటారు. ఆ చీటీ ఫోన్‌లో ఉన్నంతకాలం మళ్ళీ పాస్‌వర్డ్ అడిగే నాథుడుండడు. అందుకే పాస్‌వర్డ్ మార్చినప్పుడు పాత చీటీలన్నీ చింపెయ్యమని సర్వర్‌కి చెప్పాలి. చెప్పకపోతే అది దానంతటది చింపదు. ఆమె చెప్పలేదు. గడియ పదిసార్లు లాగి చూసే మనిషి ఆ ఒక్క లైను రాయడం మర్చిపోయింది!

చూడకూడదని తెలిసీ అక్క ఖాతా తెరిచింది. రెండు సెషన్లున్నాయి. ఒకటి అక్క కొత్త ఫోన్‌ది. రెండోది ఆ ఇంట్లో వదిలేసిన పాత ఫోన్‌ది. అందులోంచి పొద్దున ఎవరో అపాయింట్‌మెంట్ పేజీ చూశారు. ఆసుపత్రి చిరునామా, ఇవాళ్టి టైము, అన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి.

రెండు సెషన్లనీ కొట్టేసింది. కానీ చూసినవాడు చూడనే చూశాడు. ఫోన్ తీసింది.

"ఎక్కడున్నావక్కా?"

"ఆసుపత్రి ముందు ఇప్పుడే బస్సు దిగానే. ఏంటే ఆ గొంతు?"

"లోపలికెళ్ళకు. ఏ బస్సొస్తే ఆ బస్సెక్కెయ్. బావకి తెలిసిపోయింది."

అక్క ఫక్కున నవ్వింది. "మొదలెట్టావూ! పాస్‌వర్డ్ మార్చాం కదే. నువ్వూ నీ గడియలూ!"

జన్మంతా ఉత్తుత్తి భయాలు పడితే ఇదే తంటా. నిజం భయం వచ్చిననాడు నమ్మేవాళ్ళుండరు. ఆమెకి ఏడుపొచ్చేసింది.

"ఇది ఉత్తి భయం కాదక్కా, నా తప్పు. నేనే తలుపు తీసి పెట్టాను. నీ పాత ఫోన్‌లో అంతా కనిపిస్తోంది. నీ కాళ్ళు పట్టుకుంటా, వెనక్కి వెళ్ళిపో."

అవతల నవ్వు ఆగింది. చిన్నప్పట్నుంచీ అక్క ఆమె భయాన్ని నమ్మడం ఇదే మొదటిసారి.

"సరే సరే, ఏడవకు. వెళ్ళిపోతున్నా" అంది అక్క. గబగబా నడుస్తున్న చెప్పుల చప్పుడు వినిపించింది. ఉన్నట్టుండి అది ఆగిపోయింది.

"అక్కా?"

ఫోన్ చేయి మారింది.

"ఏమే తాళం పిల్లా!" అన్నాడు బావ, ఎప్పట్లాగే నవ్వుతూ. "తాళం వెయ్యడం మర్చిపోయావేంటే?"