మూడు డిస్కులకు నేను రాసిన మరణవార్త

నిక్షేపంలాంటి మూడు డిస్కులు చచ్చిపోయాయని ఒక్క పూటలో ప్రకటించి, మామిడికాయల ట్రాక్టర్లను రోడ్డు పొడుగునా ఎండలో నిలబెట్టిన ఘనురాలి కథ చెబుతాను, వినండి. ఆ ఘనురాలు వేరెవరో అయితే నేనింకా హాయిగా నవ్వేదాన్ని.

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాది కంప్యూటరు పని. బడి మెట్లెక్కలేదు. చదువు ఇంట్లోనే అమ్మ చెప్పింది, మిగతాది స్వామి దయవల్ల ఒక పాత కంప్యూటరు చెప్పింది. గుజ్జు ఎంత వేడిలో కాగిందో నిమిషనిమిషమూ డిస్కులో రాసే ప్రోగ్రాం నాదే. ఆ నమోదు లేనిదే గుజ్జు గేటు దాటదు.

డిస్కులకో దొంగబుద్ధి ఉంది. “రాసేశాను” అంటాయి గానీ రాయవు. క్యాషె అనే ఒడిలో పెట్టుకుని తీరిగ్గా రాస్తాయి. ఈలోగా కరెంటు పోయిందా, అంతా గోవిందా! ఒకసారి అలా పోయింది కూడా. అందుకని ఆ ఉదయం ప్రతి ఆజ్ఞకూ ఒక గుర్తు తగిలించాను: ఒడిలో దాచకు, నేరుగా రాసేశాకే చెప్పు, అని. డిస్కు ‘తప్పు’ అని బదులిస్తే అది చచ్చినట్టే, గుజ్జు కాచే లైను ఆపెయ్యి అని కూడా రాశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తొలి ఆజ్ఞకే ఎర్రలైటు వెలిగి, లైను ఆగింది.

“అన్నా, డిస్కు పోయింది,” అన్నాను సూపర్‌వైజరు మునిరత్నం అన్నతో.

“నిన్న బాగనే ఉండె గదా పాపా!”

“మనుషులే ఉన్నట్టుండి పోతారు గదన్నా.”

బీరువాలోంచి అదే రకం కొత్తది తీసి, కుంకుమ బొట్టు పెట్టి తగిలించాను. ఎర్రలైటు! మూడోదానికి కర్పూరం కూడా వెలిగించాను. మళ్ళీ అదే ఎరుపు.

“బొట్టు పెట్టి పెట్టి సంపుతా ఉండావే! బయట కాయలు సూడు. ఇంకాసేపుంటే రైతులు నన్ను గుజ్జు సేస్తారు!” అని అరిచాడు మునిరత్నం అన్న.

గేటు దగ్గర ఒక పెద్దాయన, “ఈ కాయలింక ఆవులకేనామ్మా?” అని మెల్లగా అడిగాడు. వెంటనే డిస్కులు అమ్మినాయనకు ఫోన్ చేశాను.

ఆయనే ఖాదర్ భాయ్, చిత్తూరు నుంచి బండి మీద వచ్చాడు. మూడింటినీ తన లాప్‌టాప్‌కు తగిలించి, రాసి, చదివి చూశాడు.

“ఇవి సావలేదమ్మా. నువ్వు పెట్టిన గుర్తు వీటికి తెలీదు. ‘నాకిది రాదు’ అంటాండాయి, అంతే.”

“తప్పని బదులిచ్చినాయి గదా భాయ్?”

“హోటల్లో ఇత్తడి గ్లాసులో కాఫీ అడిగినావు. ఇత్తడి గ్లాసు లేదన్నాడు. మామూలు గ్లాసులో ఇమ్మని అడగాల్నా, హోటలాయన సచ్చిపోయినాడని ఊరంతా సెప్పాల్నా?”

మునిరత్నం అన్న నవ్వాపుకోలేక డ్రమ్ము పట్టుకుని నిలబడ్డాడు.

“మరి కరెంటు పోతే?” అన్నాను బెదురుగా.

“మామూలుగా రాయమను. ఆ వెంటనే ‘ఒళ్ళో ఉండేదంతా దించు’ అని ఇంకో ఆజ్ఞ ఇయ్యి. అది వీటికి తెలుసు.”

అలాగే మార్చాను. కావాలని కరెంటు తీసి చూశాం. ఒక్క అంకె పోలేదు! లైను కదిలింది. పెద్దాయన కాయలే ముందు లోపలికి వెళ్ళాయి. ఖాదర్ భాయ్ రూపంలో వచ్చిన దేవుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

కనుక ఏడుకొండలవాడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: యంత్రమైనా మనిషైనా “నాకది రాదు” అంటే, “పోనీ, నీకేం వచ్చు?” అని అడగందే వదలను. ఆ సాయంత్రమే మా ఆయన “నాకు వంట రాదు గదా” అన్నారు. అడిగాను. అంట్లు తోమడం బ్రహ్మాండంగా వచ్చట!