ఒక గడి ఎడమకు

పదమూడేళ్లుగా ఒక మంత్రిని మోస్తున్నాను. ప్రమాణస్వీకారం చేసే మంత్రి కాదు, చదరంగం మంత్రి. ప్లాస్టిక్‌ది, లోపలంతా గుల్ల. అరచేతిలో పెడితే ఉన్నట్టే తెలియదు. ఏ బరువునైనా టన్నుల్లో తప్ప లెక్కపెట్టని గోదావరిఖనిలో ఇంత చిన్న బరువు గురించి ఎవరితో చెప్పుకోను? అందుకే మీతో. మీరు నన్ను ఎరగరు, ఆయన్నీ ఎరగరు. అదే నా ధైర్యం. ధైర్యం అనడం కూడా ఎక్కువే. సౌకర్యం.

ఆయన పేరు మొగిలన్న అనుకుందాం. బొగ్గు బాయిలో మొదటి షిఫ్టు సర్దార్. నేను రెండో షిఫ్టు సర్దార్‌ని. సర్దార్ అంటే తలపాగా ఊహించుకోకండి. నెత్తిన టోపీ, దానికో దీపం, చేతిలో కర్ర, అంతే. మనుషులు పనిలోకి దిగేముందు ఆ కర్రతో పైకప్పును కొట్టి, చెవిపెట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. షిఫ్టు అయ్యాక చూసింది చూసినట్టు పుస్తకంలో రాయాలి. తర్వాతి షిఫ్టు సర్దార్ అది చదివి, కింద సంతకం పెట్టాకే లోపలికి వెళ్లాలి. ఆరేళ్లు ఆయన రాసింది నేను చదివాను. చదివి, నా మనుషుల్ని ఆ కప్పు కిందికి తీసుకెళ్లాను. ఒక్కసారి కూడా ఆయన రాత తప్పలేదు.

ఆదివారం సెలవును మా గనుల్లో ప్లేడే అంటారు. ఆ పేరును నిలబెట్టింది మేమిద్దరమేనేమో. పొద్దున్నే బల్ల పరిచేవాళ్లం. మొగిలన్న నాకు ఆట నేర్పలేదు, ఆడిన ఆటను చూసుకోవడం నేర్పాడు. అప్పటిదాకా ఓడిపోతే నేను వెలుతురును తిట్టేవాణ్ణి, కుర్చీని తిట్టేవాణ్ణి, ఇంకేదీ దొరక్కపోతే చాయ్‌ని తిట్టేవాణ్ణి. ఆయన ఒక నోటుబుక్కు కొనిచ్చి ప్రతి ఆటకూ షిఫ్టు రిపోర్టు రాయమన్నాడు. ఎత్తులన్నీ గుర్తుచేసుకుని వరసగా రాయాలి. డొల్లగా పలికిన చోట గీత గీయాలి. గెలిచిన ఆటయితే మరీ జాగ్రత్తగా వెతకాలి, గెలిచినవాడికి చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి. ఒకరి రిపోర్టును ఇంకొకరు బల్లమీద పేర్చి చూసి, సంతకం పెట్టాలి.

ఏడాదిలో నా ఆట మారిపోయింది. నా జబ్బేమిటో నా చేతిరాతే చెప్పింది. గెలుస్తున్నాననిపించగానే ఎదుటివాడి ఎత్తు చూడటం మానేస్తాను. పేజీ తరవాత పేజీ అదే గీత. తెలుసుకున్నాను. తెలుసుకున్నంత మాత్రాన పోతుందా?

పదమూడేళ్ల కిందట మా ఏరియా చదరంగం పోటీలో గెలిచిన ఒక్కరు కొత్తగూడెంలో పెద్ద పోటీకి వెళ్లాలి. మొగిలన్నకు అదే ఆఖరి అవకాశం. మరుసటేడు రిటైర్మెంటు. అంతకుముందు రెండుసార్లు ఆ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాడు. ఆఖరి రౌండు మా ఇద్దరికే పడింది. ఆయనకు నాకన్నా అర పాయింటు ఎక్కువ. ఆయనకు డ్రా చాలు, నాకు గెలుపు కావాలి.

మూడు గంటల ఆట. చివరికి ఆయన రాజు మూలకు చేరింది, తోడు ఒక్క ఏనుగు. నాకు మంత్రి ఉంది, రెండు బంట్లున్నాయి. గెలిచేశాననుకున్నాను. అనుకోగానే నా జబ్బు నిద్రలేచింది. మంత్రిని ఎఫ్ వరుసలో ఏడో గడిలో పెట్టి వేలు తీశాను.

వేలు తీశాక చూశాను.

ఆయన రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. ఏనుగును తెచ్చి నా రాజు పక్కనే పెట్టి చెక్ చెప్తే చాలు. నేను దాన్ని తింటే ఆయనకు ఆడటానికి ఎత్తే మిగలదు, ఆట డ్రా. తినకపోతే మళ్లీ చెక్, మళ్లీ చెక్. ఎటు పరిగెత్తినా డ్రా. కొత్తగూడెం ఆయనది.

మొగిలన్న రెండు చేతుల మధ్య తల పెట్టుకుని బల్లను చూస్తున్నాడు. ఫ్యాను చప్పుడు. ఆయన చూపు ఏనుగు మీదికి వచ్చింది. అక్కడే ఆగింది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇంకో నిమిషం ఇస్తే చూసేస్తాడు. అరచేతంత రాయి విడిపోతే వినగలిగిన మనిషి, ఇది వినడా?

ఇక్కడ ఆగిపోవాలని ఉంది. నిజానికి పదమూడేళ్లూ ఇక్కడే ఆగాను.

నేను లేచి నిలబడ్డాను. నవ్వాను. ఆట అయిపోయినట్టు, పాపం ఆయన పెద్దరికాన్ని కాపాడుతున్నట్టు, బల్ల మీదుగా చెయ్యి చాచాను. ఆయన తలెత్తి నా ముఖం చూశాడు. బల్లను వదిలి నా ముఖాన్ని నమ్మాడు. ఓడినట్టు ఒప్పుకుని తన రాజును పడుకోబెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చాచడం తప్పని ఏ నియమాల్లోనూ లేదు. ఎత్తు మీద ఎత్తు వేసే ఆటలో నేను చేసిన అసలు ఎత్తు అదొక్కటే, అది బల్లమీద లేదు.

వెంటనే పావుల్ని పెట్టెలోకి ఊడ్చేశాను.

"ఆగు తమ్మీ, గట్ల ఊడ్చకు. జర మళ్ల పేర్చు. నాకేదో ఉండె," అన్నాడు.

"ఏముంటదన్నా, అయిపాయె గదా."

"మంత్రిని ఏడ పెట్టినవ్?"

"గీడ." ఒక గడి ఎడమకు పెట్టి చూపించాను. అక్కడుంటే ఆయన రాజుకు ఒక గడి దొరుకుతుంది. అప్పుడు ఏనుగును ఇచ్చినా డ్రా కాదు, ఉత్తపుణ్యానికి పోతుంది.

"గీడనా? గా పక్క గడిల గదా! నా రాజుకు కదిలే జాగనే లేకుండె. నాకు మంచిగ యాదికున్నది."

"లేదన్నా, గీడనే. పెట్టినోన్ని నేను, నాకు తెల్వదా?"

చాలాసేపు ఆ రెండు గళ్లనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నవ్వాడు. "పెట్టినోనివి నీకే ఎరుకుంటది తియ్. నాకే యాది తప్పుతాంది గావచ్చు. అరవైకి దగ్గరవడితి. రిపోర్టు రాయి, సంతకం పెడ్త."

"పేర్చి చూడవా అన్నా?"

"నీ రాత నాకు కొత్తనా ఏంది?"

రాశాను. చూడకుండా సంతకం పెట్టాడు. ఆయన చూడకుండా సంతకం పెట్టడం అదే మొదటిసారి.

ఆట పోయిందంటే సరే, ఇంకో ఆట ఉంటుంది. నేను తీసుకుంది ఆట కాదు. ఆ సోమవారం నుంచి మొగిలన్న కొట్టిన చోటే మళ్లీ కొట్టి వినడం మొదలుపెట్టాడు. రిపోర్టు రాసి, "ఒక్కసారి జూడు తమ్మీ, సరిగనే రాసిన్నా?" అని నన్నే అడిగేవాడు. నన్నే! రిటైర్ అయ్యేదాకా అదే మాట. చదరంగం బల్లను మళ్లీ తెరవలేదు. ఎవరైనా పిలిస్తే, బుర్ర సెలవు పెట్టిందనేవాడు.

కొత్తగూడెంలో నేను మొదటి మూడు ఆటలూ ఓడి, నాలుగోది కూడా ఓడి, పద్ధతి తప్పలేదనిపించుకుని వచ్చాను. ఆ తరవాత నా ఆట అంగుళం పెరగలేదు. ఎలా పెరుగుతుంది? ఆడిన ఆటను తిరిగి చూసుకుంటేనే కదా పెరిగేది. ప్రతి ఆదివారం నోటుబుక్కు తెరిస్తే ఆ పేజీ దాటి వెళ్లాలి. తెరవడమే మానేశాను. ఈమధ్య ఫోనులోని చదరంగం యాప్‌లో ఆ స్థితిని పెట్టి చూశాను. క్షణం పట్టలేదు దానికి. సున్నా చూపించింది. డ్రా. ఏదైనా పొరపాటేమోనని పదమూడేళ్లుగా లోపల ఎక్కడో ఆశపడ్డాను కాబోలు.

పోయిన చలికాలం పెద్దపల్లి బస్టాండులో మొగిలన్న కనబడ్డాడు. చేతిలో చిన్న చీటీ, దానిమీద కొనాల్సిన మందుల పేర్లు. "యాదికుంటలేదు తమ్మీ. నీతోని ఆడిననాడే తెలిసింది నాకు, గీ బుర్ర కతేందో," అని నవ్వాడు. నేనూ నవ్వాను. బస్సు వచ్చిందని ఎక్కేశాను. అది నా బస్సు కాదు.

ఆయన మరుపు వయసు తెచ్చిందా? నేను ఇచ్చింది పుచ్చుకుని పెంచుకున్నాడా? ఏ కర్రతో కొట్టి వినను? వెళ్లి చెప్తానా? చెప్తానని రాస్తే మీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. కానీ ఇంతవరకూ నా కాళ్లు కదల్లేదు. కదిలినట్టు రాస్తే అది రెండో దొంగ రిపోర్టు.

ఇవాళ ఆ నోటుబుక్కు తీశాను. ఆ పేజీ కింద ఆయన సంతకం అలాగే ఉంది. దాన్ని కొట్టేయలేదు, అందులో అబద్ధం లేదు. ఎదురుగా ఉన్న ఖాళీ పేజీలో, ఆయన నేర్పినట్టే, చూసింది చూసినట్టు రాశాను.

మంత్రి ఎఫ్ ఏడులో ఉంది. పెట్టింది నేను. ఆయనకు డ్రా ఉంది. నేను చూశాను. చూసి చెయ్యి చాచాను. మొగిలన్నకు సరిగ్గానే గుర్తుంది.