ఒక్క వీణ మీద ఆర్కెస్ట్రా

మా చిన్నప్పుడు పాటంటే ఇప్పటి మాదిరి జేబులో ఉండేది కాదమ్మీ. యాడో మైకులో మోగితే నిలబడి వినాల, మిగతాది మనసులో పాడుకోవాల. అట్లాంటి కాలంలో ఆర్కెస్ట్రా మొత్తం కలిసి వాయించే పాటను నా ఒక్క వీణ మీదికి దించమన్నాడు మా నాయన. (రాస్తున్నావా, ఫోన్ చూస్తున్నావా? రాయి.)

మార్కాపురంలో మాకు బట్టల దుకాణం. మా అక్కకు గిద్దలూరు సంబంధం కుదిరింది. తాను మండపంలోకి వచ్చేటప్పుడు ఫలానా సినిమా పాట మోగాలని పెండ్లికొడుకు కబురు పంపినాడు. మంచి హుషారు పాట. మాట్లాడుకున్న ఆర్కెస్ట్రావాళ్ళేమో ఇంకో వారంలో పెండ్లి ఉందనగా రామన్నారు. నాయన గజంబద్ద కింద పెట్టకుండానే, "ఇంట్లో వీణ లేదా? ఏడు తీగలుండాయి, చాలవా?" అన్నాడు. "వీణ వేరు నాయనా, అది వేరు" అంటే, "పాట బాగొస్తే ఇకమీదట కూడా పాఠానికి పో. లేదంటే వీణ అటక మీద పెట్టి దుకాణంలో కూర్చో" అన్నాడు. వీణ లేకపోతే ఇంకేముంది నాకు, జాకెట్టు గుడ్డలు చింపడం తప్ప.

మా చిన్నాయన దర్శి నుంచి క్యాసెట్టూ టేప్‌రికార్డరూ తెచ్చినాడు. ఇంక మొదలయింది నా ఖర్మ. వయొలిన్లు వచ్చే చోట తీగ లాగి పలికించినాను, పిల్లనగ్రోవిని చివరి మెట్ల దగ్గర సన్నగా పెట్టినాను, డ్రమ్ముకి పక్కనుండే తాళం తీగలు చిటికెన వేలితో మీటినాను. రెండు వాయిద్యాలు ఒకేసారి వస్తే దేన్ని ఉంచాలా అని నేను తల పట్టుకుంటే, ఇంట్లో అందరూ తీర్పు చెప్పేవాళ్ళే. "బూర ఏదమ్మీ? బూర లేకుంటే అల్లుడు అలుగుతాడు" అని మేనత్త. "ఆ టకటక తీసేసినావేంది, పాటంతా దాంట్లోనే ఉండేది" అని చిన్నాయన. నాకుండేది రెండు చేతులే అంటే ఎవరు విన్నారు. మా వీణ పంతులమ్మ, "అన్నీ వదిలేసి పాట మాత్రం వాయించు తల్లీ" అనింది. ఇంట్లో చెప్తే, "ఆమెకేం, అలిగేది ఆమె అల్లుడా?" అన్నారు.

కరెంటు నిలకడ లేక బ్యాటరీల మీదనే వినేదాన్ని. తిప్పి తిప్పి వింటే అవి నీరసించి టేపు ఈడ్చుకుంటా తిరిగింది. రోజుకి ఇంచుక తగ్గేసరికి మాకెవరికీ తెలియలేదు, పాట నడక అంతేననుకున్నాం. కొత్తవి కొనమంటే నాయన, "తిరుగుతాంది గదా" అని వాటినే తీసి ఎండలో పెట్టించినాడు. (నవ్వొద్దు, అప్పుడు అందరం అట్లనే పెట్టేవాళ్ళం.)

పెండ్లికొడుకు మండపంలో కాలు పెట్టినాడు. నేను వాయించినాను. ఒక్క ముక్క తప్పలేదు, బూరతో సహా. కానీ గంతులెయ్యాల్సిన పాట నీళ్ళు మోసేదాని మాదిరి నడిచింది. ముందు వరసలో పెండ్లికొడుకు అవ్వ కొంగుతో కండ్లు తుడుచుకుంది. ఆమెను చూసి మేనత్త, మేనత్తను చూసి అక్క. అప్పగింతలకని దాచుకున్న ఏడుపంతా తాళి కట్టకముందే అయిపోయింది. పెండ్లికొడుకు మధ్యలో ఆగి, "ఇది నేను చెప్పిన పాటేనా?" అని పక్కవాణ్ణి అడిగినాడు. నాయన నా పక్క చూసిన చూపుకి, నేను అప్పుడే దుకాణంలో కూర్చున్నట్టయింది.

అంతలో ఆ అవ్వ లేచొచ్చి, "ఏమబ్బాయా, మా మనవరాలి అప్పగింతలకి ఈ పాపను పంపు. ఇంత కమ్మగా మమ్మల్నెవరూ ఏడిపించలేదు" అనింది. వియ్యాలవారి పెద్దామె అడిగితే నాయన కాదంటాడా. పాఠాలు నిలబడినాయి. ఆ తర్వాత కొమరోలు, పెద్దారవీడు, యాడ అప్పగింతలయినా నన్నే పిలిచినారు. ఒక్కరన్నా హుషారుగా వాయించమంటే గదా.

మొన్న నువ్వు ఫోన్లో ఆ పాట పెట్టినావే, ఏందమ్మీ ఆ పరుగు, వెనక ఎవరో తరుముతాన్నట్టు. బూర కోసం వేళ్ళు కోసుకున్న అప్పటి ఆ పిల్ల, అదే నేను, ఎదురైతే చెప్పాలనిపించింది, నీ పాటే బాగుండాదే, ఊరికే ఏడ్చినావు అని.