వెళ్ళొస్తానన్న మాట

లాలాగూడ నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు బస్సులో వస్తున్నాను. నా ఒళ్లో ఉన్న ఐస్ డబ్బానే పక్క సీటు పెద్దావిడ చూస్తోంది.

"చాపలా బిడ్డా?" అంది.

"కాదమ్మా, రక్తం. షుగర్ మీద పరిశోధన. పొద్దున్నే ఇరవై ఇళ్లలో తీసుకున్నా," అన్నాను గర్వంగా.

ఆవిడ పకపకా నవ్వింది. "మా ఇంటికి సుత మీ అసుంటోళ్లు వచ్చిండ్రు. రక్తం దీస్కొని బిస్కెట్ పుడ ఇచ్చిండ్రు. పోయొస్తం అవ్వా అన్నరు. మూడేండ్లాయె, మళ్ల రాలే. బిస్కెట్లయితే మంచిగుండె. నా రక్తంల ఏం దొరికిందో ఏమో!"

"పుస్తకాల్లో అచ్చు వేస్తారమ్మా."

"రక్తం నాది గదా. పుస్తకానికి జెప్పి నాకు జెప్పకపోతే ఎట్ల?"

ఆ పొద్దున ఇరవై గడపల్లో నేనూ "వెళ్ళొస్తా" అనే చెప్పి వచ్చాను. మళ్ళీ వెళ్లే ఆలోచన మాత్రం మా బృందంలో ఎవరికీ లేదు.

స్టేషన్ దగ్గర దిగుతూ ఆవిడ "పోయొస్త బిడ్డా" అని, ఆ మాటకు తనే మళ్ళీ నవ్వింది.

ఫలితాలు రాగానే ఇరవై ఇళ్లకూ తిరిగి వెళ్లి చెప్పాను. ప్రతిచోటా చాయ్ తాగించారు. చివరి ఇంట్లో బిస్కెట్లు కూడా పెట్టారు. వాటిని చూశాకే తట్టింది, బస్సులో ఆవిడ ఇల్లెక్కడో నేను అడగనే లేదు.