దయ్యం ఏడ్చిన రోజు

మాది కడప జిల్లా. మస్కట్‌లో ఒక ఒమానీ ఇంట్లో వంటపని చేస్తాను. అక్కడే దార్సైట్‌లో ఉండే ప్రసాద్ సారు సొంత డబ్బుతో చిన్న చిన్న దయ్యం సినిమాలు తీస్తాడు. నాకు శుక్రవారం సెలవు, జుట్టేమో నడుం దాటి ఉంటుంది. అందుకని దయ్యం ఎప్పుడూ నేనే. ముఖం నిండా జుట్టేసుకుని అరవడమే పని. అది నేనని చూసినవాళ్ళకు తెలిసేది కాదు.

కిందటేడు తీసిన కథలో దయ్యం బిడ్డను పోగొట్టుకున్న తల్లి. వాళ్ళింట్లోనే తీస్తూ సారు ఎప్పటిలాగే అరవమన్నాడు.

"బిడ్డ పోతే ఏ తల్లయినా అట్ల అరుస్తాదా సార్? మా పక్క శోకాలు పెడతాం," అంటూ రాగం తీశాను.

లోపలినుంచి సారు భార్య పరుగున వచ్చింది. "ఆపక్కా. చావు లేని ఇంట్లో శోకాలేంటి?"

ఆమె అన్నదీ నిజమే, అది ఇంటికి కీడు. సారు తల పట్టుకున్నాడు.

"ఎవురూ లేని ఇల్లు చూడు సార్, ఏడుస్తా," అన్నాను.

మరుసటి శుక్రవారం మస్కట్‌కు దూరంగా రుస్తాఖ్ ఊరి దగ్గర పాడుబడిన మట్టి ఇంటికి తీసుకెళ్ళాడు. అక్కడ కొడుకా అంటూ నేల చరిచి ఏడ్చాను. కెమెరా వెనక సారు కూడా ఏడ్చాడు.

ఒక హాలు తీసుకుని మస్కట్ తెలుగువాళ్ళకు సినిమా వేసిన రోజు, హీరో భయపడుతుంటే హాల్లో నవ్వారు. నా శోకం మొదలవగానే నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. నాతో వచ్చిన, తెలుగు ముక్క రాని మా ఒమానీ మేడం కళ్ళు తుడుచుకుంది.

లైట్లు వేశాక, "ఎవరా దయ్యం?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. జుట్టు గట్టిగా ముడేసుకుని లేచి నిలబడ్డాను. హాలంతా చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు నన్ను అరవమని సారు చెప్పడు. ఈ సీన్‌లో ఏం చేస్తావక్కా అని అడుగుతాడు.