మిర్యాలగూడ బస్సు

ఈ రోజు పొద్దున ఆరూ ఇరవైకి మిర్యాలగూడ బస్సు మా వీధి చివర ఆగి, ఎవరూ ఎక్కకపోయేసరికి హారన్ కొట్టి వెళ్లిపోయింది.

పోలియోతో చిన్నప్పటి నుంచీ నడవలేని నా భార్య, సూర్యాపేటలో మా వీధి బడిలోనే సోషల్ టీచరుగా పనిచేసిన రోజుల్లో, ఆదివారాలు మిర్యాలగూడలోని చెల్లెలింటికి ఆ బస్సులోనే వెళ్లేది. ఆ బస్సుల మెట్లు ఎంత ఎత్తో మన వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు. నేనూ కండక్టరూ చెరోవైపు పట్టి ఎత్తుతుంటే, అది బియ్యం మిల్లుల ఊరికి పోయే బస్సు కనుక, "బస్తా ఎక్కుతుంది, హమాలీల లెక్క కొక్కెం గుచ్చకుండ్రి" అని ఆమే ముందుగా నవ్వేది. "సన్నబియ్యం బస్తా టీచరమ్మా, పైలంగ దించుతం" అనేవాడు కండక్టరు.

రిటైరయ్యాక, ఏళ్ల తరబడి పిల్లలకు పటంలో చూపించిన మధ్యధరా సముద్రాన్ని చూడాలని ఆమె పట్టుబడితే స్పెయిన్‌లోని మాలగా అనే పాత రేవు పట్టణానికి వెళ్లాం. అక్కడ బస్సు పక్కకు వంగి, తలుపు దగ్గర నేలదాకా ఒక పలక చాపేది, ఆమె తన చక్రాల కుర్చీని తానే తోసుకుంటూ ఎక్కేది. ఇసుక మీద కూడా నీళ్ల దగ్గరిదాకా చెక్కబాట ఉంది. రెండు గోపురాల్లో ఒక్కటే పూర్తయిన పెద్ద చర్చిని చూసి, "దీనికి గూడ నా లెక్కనే ఒకటి తక్కువ, అయినా అందరు దీన్నే సూస్తున్నరు" అంది. ఆ ఊళ్లో ఉన్న వారంలో ఆమెను ఎవరూ ఎత్తలేదు. అది నేను గమనించలేదు. ఆమె గమనించింది.

తిరిగొచ్చిన ఆదివారం బస్సు దగ్గర నేను అలవాటుగా వంగాను.

"వద్దు, ఇడిసిపెట్టు."

"ఏందమ్మా, సముద్రం సూసొచ్చినంక మా బస్సు కండ్లకు ఆనుతలేదా?" అన్నాడు కండక్టరు.

"నేను బస్తాను గాదన్నా," అంది, నవ్వకుండా.

కారన్నా ఆటో అన్నా ఎవరో ఒకరు ఎత్తాల్సిందే కనుక వాటికీ ఒప్పుకోలేదు. ఇంటి గడప నుంచి రోడ్డుదాకా వాలు కట్టించాను. రోడ్డు దాటాక మళ్లీ మెట్లే. చెల్లెలు మోకాళ్లు అరిగేదాకా తనే వచ్చిపోయింది, తర్వాత ఫోన్లే మిగిలాయి. ఆ సముద్రం చూడకపోయి ఉంటే, ఆదివారాలు నవ్వుకుంటూ వెళ్లేదేమో. చూసినందుకు ఆమె ఒక్కరోజూ బాధపడలేదు.

పోయిన వానాకాలం ఆమెను పాడె మీద నలుగురు ఎత్తుకుపోయారు.

మా ఇంటి నుంచి ఇప్పుడు ఎవరూ మిర్యాలగూడ వెళ్లరు.