ఇందుబాయి గాజు సేవయ్యలు

మా చిన్నమ్మ ఇందుబాయి పాయసానికి సేవయ్యలు లాగితే, ఆరేసిన వాటిని వెతకడానికి కళ్ళజోడు కావాలి. ఒకసారి మర్ఖేల్‌లో ఆరేసిన పోగు ఒకటి గాలికెగిరి మాహూర్ దాకా పోయింది. అక్కడ పూలమ్మే ఆమె దాన్ని దారమనుకొని దండ గుచ్చింది. ఎవరూ నమ్మరు, నమ్మకపోతే నాకేం? నన్ను భరించలేక బీఎస్సీ రెండో ఏడులోనే కాలేజీ నన్ను వదులుకుంది. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కళ్ళారా చూసింది.

చిన్నమ్మ నాందేడ్‌లో ఒక పరిశోధనశాలలో గాజు సామాను కడుగుతుంది. పదకొండేళ్ళలో పగిలినవి రెండే, రెండూ నేను పగలగొట్టినవే. అక్కడ దీపాలి అనే భోకర్ అమ్మాయి చేపగుడ్ల మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఆవగింజంత గుడ్డులోకి, వెంట్రుక కన్నా సన్నని మొన ఉన్న గాజుసూదితో మందు ఎక్కించాలి. అది పనిచేస్తే పిల్లచేప గుండె పచ్చగా వెలుగుతుంది. గుడ్డు పెట్టిన ముప్పావు గంటలోపే ఎక్కించాలి. ఆ తర్వాత లోపలి కణం రెండుగా చీలిపోతుంది.

ఆ బుధవారం పొద్దున నేను చిన్నమ్మకు అన్నం డబ్బా ఇవ్వడానికి పోయేసరికి, గాజుగొట్టాన్ని సూదిగా లాగే యంత్రం తీగ తెగి కూర్చుంది. నెల రోజులు మొరాయించిన చేపలు సరిగ్గా అప్పుడే గుడ్లు పెట్టాయి. శనివారానికి ఫలితం చూపకపోతే మూడేళ్ళ పని పక్కన పెట్టి కొత్తది ఎత్తుకోమని గైడు ముందే చెప్పాడు.

"అయిపోయింది మావ్షీ," అంది దీపాలి, చిన్నమ్మను మరాఠీలో పిన్నీ అని పిలుస్తూ. "ఉన్న సూదులన్నీ నిన్ననే విరిగినయ్."

"మంట మీద లాగుదమా?"

"చేతితోనా? అది గాజు మావ్షీ, పిండి గాదు."

"పిండే కష్టం బిడ్డా, అలుగుతది. గాజుకేంది, కాలితే మాటింటది."

చిన్నమ్మ స్పిరిట్ దీపం వెలిగించి లాగింది. మొదటి సూది మహా సన్నగా వచ్చింది. కానీ సూక్ష్మదర్శిని కింద పెడితే మొనంతా నల్లటి మసి. నేను చిన్నమ్మ వేళ్ళు చూశాను, మెరుస్తున్నాయి. సేవయ్యలు లాగేముందు చేతికి నూనె రాసుకోవడం ఆమెకు అలవాటు. నేను తెచ్చిన డబ్బాలో తొక్కు పచ్చడి మీద తేలిన నూనెలోనే వేళ్ళు ముంచింది.

"చేపలకు తొక్కు గూడ తినవెడ్తున్నవా చిన్నమ్మా?"

"నోర్మూసుకొని గడియారం జూడు. చదువెట్లనో రాలె, టైమన్న చెప్పు."

"ఇరవై రెండు నిమిషాలున్నయ్."

ఆమె సబ్బుతో చేతులు కడిగి, తుడుచుకొని, మళ్ళీ కడిగింది. ఆ ఇరవై రెండులో మూడు నిమిషాలు పోయాయి. గొట్టం నడుమ ఎర్రబడగానే మంటలోంచి తీసి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగింది. నడిమికి తెగి రెండు సూదులయ్యాయి. దీపాలి ఒకదాని కొసను పట్టుకారుతో గిల్లి, ఎర్రరంగు కలిపిన మందు నింపి, గుడ్డులో గుచ్చింది. లోపల ఎర్రచుక్క తేలింది.

"పోయింది మావ్షీ, లోపలికి పోయింది," అని దీపాలి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు మాకూ అంటుకుంది. ఇంకా చాలా గుడ్లున్నాయి, నవ్విస్తే సూది నిలవదని ఆమే మమ్మల్ని బయటికి తరిమింది.

శనివారం ఇరవై ఆరు పచ్చటి గుండెలు టపటపా కొట్టుకున్నాయి. గైడు కళ్ళద్దాలు తుడుచుకొని రెండుసార్లు చూసి, పని కొనసాగించమన్నాడు. యంత్రం బాగైంది. అయినా దీపాలి బల్ల మీద స్పిరిట్ దీపం పక్కన కొత్త సబ్బు ఒకటి ఉంటుంది.

చిన్నమ్మ ఆ సూదితో నిద్రపోతున్న దోమకు టీకా వేసిందని, అది కదలను కూడా లేదని నేను దేగ్లూర్ బస్సులో అందరికీ చెబుతుంటాను. మొన్న ఆమె నా పక్కనే కూర్చుని విన్నది.

"అబద్ధమెందుకు చెప్తవ్‌రా," అంది. "జర కదిలింది."